పని బాగానే ఉంది, చెప్పడమే రావట్లేదు

పోయిన నెల ఒక శనివారం పొద్దుగూకే వేళకి ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. పర్లాకిమిడి పిల్ల. బరంపురంలో హాస్టల్లో ఉండి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది, ఇది రెండో ఏడు. ఆ వారమే కమిటీ ముందు తన ఆరు నెలల పని గురించి చెప్పుకోవాల్సి వచ్చిందట. ఇరవై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అంతా విని ఒక పెద్ద ప్రొఫెసర్ "ఇంతకీ నువ్వు కనుక్కున్నదేంటమ్మా?" అని అడిగారు. అక్కడ నోరు పెగల్లేదు. స్లయిడ్లు వెనక్కీ ముందుకీ తిప్పుతూ నిలబడిపోయింది.

"అక్కా, నా పని బాగానే ఉంది. చెప్పడమే రావట్లేదు," అంది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఈ మాట రీసెర్చ్ స్కాలర్ల నోట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఒకప్పుడు నా నోటా వచ్చింది. ఇప్పుడు మాత్రం ఒప్పుకోను. పని వేరు, చెప్పడం వేరు, మొదటిది ముగిశాక రెండోది తీరిగ్గా నేర్చుకోవచ్చు అని మనకెవరో నూరిపోశారు. నా అనుభవంలో ఆ రెండూ ఒకే గుడ్డ. చెప్పబోతే నాలుక ఎక్కడ తడబడిందో, చాలాసార్లు పనిలోనూ అక్కడే చిరుగుంటుంది. అందుకే చెప్పడం, రాయడం, అడగడం, వినడం పరిశోధనలోకి వచ్చిన మొదటి ఏడాదే నేర్పాలంటాను. అదీ ముందు ఇంటి భాషలో మొదలుపెట్టాలంటాను. ఎందుకంటానో నా కథతోనే చెప్పాలి.

నేను బరంపురంలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకొచ్చాక ఇంగ్లీషు. మా ఊళ్ళో ఇదేం వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనే ఉండేది. సరిహద్దు గీత జరిగింది గానీ వీధుల్లో మాట అలాగే ఉండిపోయింది. పీహెచ్‌డీకి నేను ఎంచుకున్నది సముద్రపు ఒడ్డున ఇసుక కదలిక. గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య మొగ దాకా, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటు దాకా, ఉన్న తీరమే నా ల్యాబ్.

రెండో ఏడాది చివర్లో మొదటి జాతీయ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాను, వేరే రాష్ట్రంలో. పన్నెండు నిమిషాలు ఇచ్చారు. నేను 38 స్లయిడ్లు పట్టుకెళ్ళాను. పదో నిమిషంలో మొదటి గంట కొట్టేసరికి పదిహేనో స్లయిడ్‌లో ఉన్నాను, ఇంకా కొలిచే పరికరం గురించే చెప్తున్నాను. రెండో గంట కొట్టారు. ఫలితాల స్లయిడ్ తెరమీదకి రాకుండానే దిగిపోయాను. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. టీ దగ్గర ఇద్దరు ముగ్గురు వచ్చి "మీ ఇంగ్లీషు చాలా బాగుంది" అన్నారు. ఆ రాత్రి రైల్లో పై బెర్తు మీద పడుకుని ఆ మాటే తలుచుకున్నాను. ఇంగ్లీషు బాగుంది. నేనేం కనుక్కున్నానో ఒక్కరికీ తెలియలేదు. అంటే లోటు ఇంగ్లీషులో లేదు.

అప్పటికి నా దగ్గరున్నవి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తీసిన కొలతలు. చలికాలంలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, అప్పుడు కొలవడానికి పెద్దగా ఏముంటుందిలే అనుకున్నాం. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, మేం పాతిన గుర్తురాయి ఇసుకలో పూడిపోయిందేమో చూసుకోవడానికి మొగ దగ్గరికి వెళ్ళాను. ఆ తీరమంతా ఊళ్ళల్లో తెలుగు మాట్లాడే జాలర్లు చాలామంది ఉంటారు. ఒడియావాళ్ళు వాళ్ళని నోలియాలు అంటారు. ఒక పెద్దాయన తిరగేసిన పడవ నీడన కూర్చుని వల కన్నాలు కడుతున్నాడు. ట్రైపాడ్ దించుతుంటే పలకరించాడు.

"ఏటమ్మా, ఆరు నెల్లనుంచీ చూస్తన్నాను, ఏటి కొలుస్తున్నావు?"

నాకు అలవాటైన మాటలే వచ్చాయి. లిటొరల్ డ్రిఫ్ట్ అన్నాను, సెడిమెంట్ బడ్జెట్ అన్నాను. ఆయన చేతిలో దారం ఆపి నా వంక చూశాడు. ఎగతాళి లేదు ఆ చూపులో, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడంతే. నేను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇసుక ఎటు పోతోందో చూస్తున్నాను తాతా."

"ఎటు పోతాది?"

"ఉత్తరానికి."

"ఎప్పుడు?"

ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఆయనే అందుకున్నాడు. "ఏడాది పొడుగునా అటే పోతాదేటి? కార్తీకం దాటినాక ఎనక్కి రాదా?" అని, పక్కనున్న ఎండు కొబ్బరి డొక్క ఒకటి తీసి కెరటాల్లోకి విసిరాడు. అది కాసేపు అక్కడే ఊగింది. తర్వాత ఒడ్డు వెంబడే మెల్లగా దక్షిణానికి కదలడం మొదలైంది. మేమిద్దరం దాన్ని కనుచూపు మేర చూస్తూ ఉండిపోయాం.

మా శాస్త్రంలోనూ ఆ పద్ధతి ఉంది. అలలు విరిగే చోట తేలే వస్తువు వేసి, నిమిషానికి ఎంత దూరం ఎటు కదిలిందో చూడటం తీరం వెంట ప్రవాహాన్ని కొలిచే పాత పద్ధతుల్లో ఒకటి. ఆయన చెప్పిన సంగతి కూడా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. నైరుతి గాలుల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి వాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ఆ వాలు వల్ల ఒడ్డు వెంట ఒక ప్రవాహం పుట్టి ఇసుకని ఈశాన్యంగా నడిపిస్తుంది. మన తూర్పు తీరంలో దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా ఇదే వరస. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి తిరుగుతుంది, ఇసుకా తిరుగుతుంది. ఏడాది మొత్తానికి లెక్క కడితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ మిగులునే నికరం అంటాం.

ఇది నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ నా స్లయిడ్ల మీద టైటిల్‌లోనే నెట్, అంటే నికరం, అన్న మాట ఉంది. సగం ఏడాది కొలిచి నికరం ఎలా చెప్తాను? ఇంగ్లీషులో ఆ మాట టైటిల్‌లో కూర్చుని అందంగా ఉంది. దాని కింద ఒక శీతాకాలం మొత్తం ఖాళీగా ఉందని నాకు కనపడలేదు, కాన్ఫరెన్స్‌లో కూర్చున్నవాళ్ళకీ కనపడలేదు. "ఇసుక ఎటు పోతోంది" అని తెలుగులో అనగానే ఆ ఖాళీ బయటపడింది. ఎందుకంటే ఆ వాక్యం వినగానే ఎవరికైనా "ఎప్పుడు" అని అడగాలనిపిస్తుంది. సాంకేతిక పదం తెలిసినవాళ్ళ మధ్య పని తొందరగా జరగడానికి పుట్టింది. దాన్ని అడ్డం పెట్టుకుంటే మన తప్పు మనకే కనపడకుండా పోతుంది.

ఆ ఒక్క ప్రశ్నతో నా థీసిస్ ఏడాది వెనక్కిపోయింది. రెండు శీతాకాలాలు కొలిచాను. అప్పుడు టెన్షన్ పడ్డాను గానీ ఆ ఏడాదికి నేను ఇప్పటికీ బాధపడను.

ఇది ఒడ్డు మీద పట్టింపు లేని లెక్క కూడా కాదు. మన దేశపు తీరంలో సుమారు మూడో వంతు కోతకి గురవుతోంది. ఇసుక నడిచే దారికి అడ్డంగా రాళ్ళకట్ట వేస్తే, ఈ తీరంలో దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కరిగిపోతుంది. ఆ ఒడ్డు మీద ఇళ్ళున్నాయి. ఆ ఒడ్డునే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయి. 2023లో ఋషికుల్య మొగ దగ్గర అలా వచ్చినవి 6 లక్షలకు పైనే. ఆ చోటుని 1994లో శాస్త్రవేత్తలు కనుగొన్నారని మా పేపర్లలో రాస్తాం. ఒడ్డు ఊళ్ళవాళ్ళకి అది తాతల నాటి నుంచి తెలిసిన సంగతి. నాకు ఇందులో రెండు వైపులా న్యాయం కనపడుతుంది. ఊరికి తెలిసింది కాగితం మీదకి ఎక్కింది కాబట్టే ప్రపంచం దృష్టి ఆ మొగ మీద పడింది. ఊరిని అడక్కపోవడం వల్లే అది ఎక్కడానికి అంత కాలం పట్టింది.

ఇక నేను మార్చుకున్న ఒక వాక్యం చూపిస్తాను. నా మొదటి సారాంశంలో మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "దక్షిణ ఒడిశా తీరంలో అవక్షేప రవాణా యొక్క ఋతుపర వైవిధ్యం క్షేత్ర కొలతల ద్వారా అధ్యయనం చేయబడింది." ఇందులో తప్పు లేదు, ప్రాణమూ లేదు. ఎవరు చేశారు? చేస్తే ఏం తేలింది? ఏం తేలకపోయినా ఈ వాక్యం ఇలాగే ఉంటుంది. తర్వాత రాసింది ఇది: "ఈ తీరంలో ఇసుక ఎనిమిది నెలలు ఉత్తరానికి పోతుంది, నాలుగు నెలలు వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చేది తక్కువ. ఎంత తక్కువో మేం రెండేళ్ళు కొలిచాం." దీన్ని ముందు తెలుగులోనే నోట్‌బుక్‌లో రాశాను. తర్వాత ఇంగ్లీషు చేసుకుంటే ఆ ఇంగ్లీషు కూడా పొట్టిగా, సూటిగా వచ్చింది. అచ్చుకి ముందు పేపరు చదివి చూసే రివ్యూయర్ నుంచి వచ్చిన మొదటి వ్యాఖ్య ఇసుక గురించే, భాష గురించి కాదు. ఆ రోజు పడిన సంతోషం నాకింకా గుర్తుంది.

ఇక్కడ చాలామంది నాతో వాదిస్తారు. పేపర్లు ఇంగ్లీషులో వేయాలి, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో చెప్పుకుంటూ కూర్చుంటే పిల్లలు వెనకబడరా అంటారు. ఇంగ్లీషు కావాలి. దాంట్లో నాకు రెండో మాట లేదు. నేను చెప్పేది వరస గురించి. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌కి వేలు పోసి, "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్" దగ్గర్నుంచి "థాంక్యూ ఫర్ యువర్ పేషెంట్ లిజనింగ్" దాకా కంఠతా పట్టి, మధ్యలో చెప్పాల్సింది మాత్రం స్లయిడ్ చూసి చదివే పిల్లల్ని చూశాను. వాళ్ళకి తమ విషయం ఏ భాషలోనూ చెప్పడం రాదు. తెలుగులో ఒక్కసారి నోరారా చెప్పగలిగితే, ఇంగ్లీషులో రెండు వ్యాకరణ దోషాలు దొర్లినా వినేవాడు దారి తప్పడు.

ఇంకో అభ్యంతరం: తెలుగులో పదాలేవీ? ఫ్లోరైడ్‌ని ఫ్లోరైడ్ అనే అనండి, డేటాని డేటా అనండి, ఎవరూ కాదనరు. కొత్త సంస్కృత పదం పుట్టించాల్సిన పనే లేదు. నా పనికి కావలసిన మాటలన్నీ ఆ ఒడ్డు మీదే ఉన్నాయి. పోటు, పాటు, మొగ, మేట, కోత, ఒండ్రు, వాలు, నికరం. ఇవి వాడాలంటే ముందు అవి అనేవాళ్ళ దగ్గర కూర్చోవాలి.

ఈ సంగతి చెప్తుంటే ఆ అమ్మాయి వాళ్ళ ఊరే గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో రాజా వారి బడిలో చరిత్ర చెప్పిన పంతులు గారు. కొండల్లోంచి సంతకొచ్చే సవరల భాషకి అప్పట్లో నిఘంటువు లేదు, బడిపుస్తకం లేదు. ఆయన తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు, తర్వాత వ్యాకరణం, నిఘంటువు చేశారు. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఏళ్ళ తరబడి సవరలు చెప్పింది చెప్పినట్టు విని రాసుకున్న చెవికే, పుస్తకాల తెలుగు మనుషుల నోట్లో లేదని అంత గట్టిగా తెలిసిందని నా ఊహ. చెప్పడానికి ముందు వినడం ఉంది. మన కోర్సుల్లో దానికి ఒక్క పీరియడ్ కూడా చూడలేదు నేను.

"పనే మాట్లాడుతుంది, మనం మాట్లాడక్కర్లేదు" అనే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళలో కొందరు నాకు పాఠం చెప్పినవాళ్ళు, నిజాయితీ గల మనుషులు. గొప్పలు చెప్పుకోవడం మీద వాళ్ళకున్న ఏవగింపు నాకు అర్థమవుతుంది. కానీ మా జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాటతో ఏకీభవించకూడదు. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపాను ఒడిశాలో సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను సరిగ్గా మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అవి దసరా రోజులు. పైకప్పులు లేచిపోయాయి, చెట్లు నేలకూలాయి, కరెంటు లేక రోజులు గడిచాయి. ఒడిశాలో పోయిన ప్రాణాలు మాత్రం 50 లోపే. మధ్యలో తుపాను అంచనా మెరుగుపడింది, షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. ఆ చివరి పని యంత్రంతో జరగదు. పడవనీ మేకలనీ వదిలి రానంటున్న మనిషిని, వాకిట్లో నిలబడి, అతని మాటలో ఒప్పించాలి. రేవులో పదో నెంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారంటే చదువురాని జాలరికి కూడా ఏం చెయ్యాలో తెలుసు. ఎంతో మంది శాస్త్రవేత్తల లెక్క అంతా ఆ ఒక్క అంకెలో ఉంది. పని దానంతటదే మాట్లాడదు. ఎవరో ఒకరు ఆ అంకె దగ్గరికి దాన్ని తీసుకురావాలి.

మరి మన దగ్గర నియమాలు లేవా అంటే, ఉన్నాయి. విశ్వవిద్యాలయాలకి నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు ఏ సబ్జెక్టు స్కాలర్‌కైనా తన విషయంలో బోధన, రచనల శిక్షణ ఉండాలన్నాయి. ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందుకొచ్చి పని గురించి చెప్పుకోవాలన్నాయి. పాత 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు ఒక పేపరు వేయాలి, రెండు కాన్ఫరెన్సుల్లో చదవాలి అని ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. తీసేయడం మంచిదే అంటాను. ఆ నియమం పిల్లలకి చెప్పడం నేర్పలేదు, సర్టిఫికెట్ సంపాదించడం నేర్పింది. మూడు రోజుల్లో ఒప్పుకుంటాం, ఇన్ని వేలు కట్టండి అని మెయిల్ పంపే పత్రికలకి గిరాకీ పెంచింది. కానీ పాత బలవంతం పోయిన చోట కొత్త శిక్షణ రావాలి కదా. నేను చూసిన చాలా చోట్ల రాలేదు. పరిశోధన నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు చెప్పి, రచన శిక్షణ అయిపోయినట్టు టిక్ పెట్టుకుంటున్నారు.

పెద్ద ఖర్చేం కాదు ఇది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మూడు నిమిషాల థీసిస్ పోటీ మొదలుపెట్టింది. అప్పుడక్కడ కరువు. నీళ్ళు ఆదా చేయడానికి జనం స్నానాల గదిలో మూడు నిమిషాల గడియారం పెట్టుకునేవారట. అది చూసి వచ్చిన ఆలోచన. ఒక్క కదలని స్లయిడ్, మూడు నిమిషాలు, తన సబ్జెక్టు కాని జనం. మన దగ్గర కూడా కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో అవ్‌సర్ అని ఒక పోటీ పెట్టింది, స్కాలర్లు తమ పరిశోధన గురించి మామూలు మనుషులకి అర్థమయ్యేలా రాయడానికి. మా బరంపురం చిన్న ఊరే అయినా ఇక్కడ 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది, 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. నెలకి ఒక సాయంత్రం ఈ మూడు చోట్ల స్కాలర్లు ఒక గదిలో కూర్చుని, డాక్టరు ముందు కెమిస్టు, కెమిస్టు ముందు చరిత్ర పిల్లవాడు మూడేసి నిమిషాలు, తెలుగులోనో ఒడియాలోనో చెప్పుకుంటే చాలు. మా ఇంట్లో శనివారాలు నేను చేసేది అదే, ఆరేడుగురితో.

ఆ శనివారాల్లో స్లయిడ్ల కన్నా ఎక్కువ సేపు పట్టేది ఇంకోటుంది: గైడ్‌తో మాట్లాడటం. మనిళ్ళల్లో పెద్దవాళ్ళని ప్రశ్న అడిగితే ఎదురు చెప్పినట్టు లెక్క. ఆడపిల్లలకైతే మరీనూ. ఆ అలవాటు ల్యాబ్‌లోకి కూడా వస్తుంది. అర్థం కాకపోయినా తలూపుతాం, ఆ తలూపు ఆరు నెలలు తినేస్తుంది. నా మీద పడిన దెబ్బ చెప్తాను. ఒక పేపరుకి నెల రోజులు ఎండలో తీసిన కొలతలు నావి. అచ్చులో నా పేరు లేదు. అన్యాయమే, ఇప్పటికీ అన్యాయమనే అంటాను. కానీ పేర్లు ఎవరివి, ఏ వరసలో అని నేను ముందు అడగలేదు. అడగొచ్చని నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెప్తాను: మొదటి చిత్తుప్రతి రాయకముందే ఆ మాట ఎత్తండి. మీటింగ్ అయిన రోజు సాయంత్రం నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. "సార్, ఇవాళ మనం అనుకున్నవి ఇవి. నేను చేయబోయేవి ఇవి. పేపర్లో పేర్ల వరస ఇలా అనుకున్నాం. ఏదైనా పొరపాటుగా అర్థం చేసుకుంటే చెప్పండి." మర్యాద ఎక్కడా తగ్గలేదు చూడండి. మంచి గైడ్లు ఈ మెయిల్‌కి సంతోషిస్తారు, వాళ్ళకీ గుర్తుండదు కాబట్టి.

"తెలియదు" అనడం కూడా నేర్పాల్సి వస్తుంది. ప్రశ్నకి జవాబు తెలియకపోతే పిల్లలు మొదటి స్లయిడ్ నుంచి మళ్ళీ మొదలెడతారు. తెలియదండీ, తెలుసుకోవాలంటే ఫలానా కొలత తీయాలి అని చెప్తే చాలు. నా వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే నోటి పరీక్షలో, ఒక ప్రశ్నకి అలాగే చెప్పాను.

ఆ శనివారానికి వస్తాను. టీ తాగాక, ల్యాప్‌టాప్ మూసి మీ అమ్మకి ఫోన్ చెయ్యమన్నాను. "అమ్మకేం అర్థమవుతుందక్కా, ఏడో తరగతి చదివింది" అంది. చెయ్యమ్మా అన్నాను. స్పీకర్లో పెట్టింది. వాళ్ళమ్మ వంటింట్లో ఉన్నట్టుంది, పోపు చిటపట వినిపిస్తోంది.

పిల్ల మొదట తడబడింది. తర్వాత దారిలో పడింది. కొన్ని ఊళ్ళల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటుందమ్మా, ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గార పడతాయి, ఎముకలు వంగిపోతాయి అంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు అంది. నల్గొండలో ఆ బాధ ఎంతుందంటే, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టారు, నాగపూర్‌లో నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టిందది, కానీ దాంతో బురద ఎక్కువ మిగులుతుంది అంది. అందుకని నేనొక పొడి తయారుచేశాను, నీళ్ళు దాంట్లోంచి పోతుంటే ఫ్లోరైడ్ ఆ పొడికి అంటుకుపోతుంది, బురద రాదు అంది. రెండు నిమిషాలైనా పట్టలేదు. కమిటీ ముందు ఇరవై నిమిషాల్లో రాని మాట ఇక్కడ వచ్చేసింది.

అవతల పోపు చప్పుడు ఆగింది.

"బాగుందే. మరి ఆ పొడి నిండిపోయాక ఏం చేస్తావు? ఎక్కడ పారబోస్తావు? మళ్ళీ నేలలోకే కదా దిగుతాది?"

పిల్ల నా వంక చూసింది. వాడేసిన పొడిని క్షారంతో కడిగి మళ్ళీ వాడొచ్చా, ఎన్నిసార్లు వాడొచ్చు, ఆ కడిగిన నీళ్ళేం చెయ్యాలి అన్నది తను ఇంకా మొదలుపెట్టని అధ్యాయం. నిజానికి ప్లాన్‌లోనే లేదట.

పెన్ను కోసం సంచీలో వెతుక్కుంటూ ఫోన్ దగ్గరికి వంగి అంది, "అమ్మా, ఉండు, పెట్టెయ్యకు. ఇందాక అడిగింది ఇంకోసారి అడుగు, రాసుకుంటాను."